శుక్లం ఆపరేషనులో లెన్సు: ప్రమాదం ఎక్కడుంటుంది, ముందే ఏమి అడగాలి

చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నాన్నగారికి 71 ఏళ్ళు. పదేళ్ళుగా షుగరు. ప్రోస్టేటు కోసం రోజూ రాత్రి ఒక మాత్ర. కుడికంట్లో శుక్లం బాగా ముదిరి, ఎదుటి మనిషి చేతివేళ్ళు లెక్కపెట్టడమే గగనంగా ఉంది. తిరుపతిలో చూపిస్తే మూడు రకాల లెన్సులు, మూడు రేట్లు చెప్పారు. ఈలోగా పలమనేరులో ఒక బంధువుకి తొమ్మిదేళ్ళ కింద పెట్టిన లెన్సు జారిపోయిందని తెలిసి ఇంట్లో భయం పట్టుకుంది. లెన్సు పెట్టించడంలో అసలు ప్రమాదాలేమిటి, డబ్బు ఎక్కువ పెడితే అవి తగ్గుతాయా అని అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు: తగ్గవు. ఎక్కువ రేటు లెన్సుతో మీరు కొనేది అద్దాల అవసరం తగ్గడాన్ని, భద్రతను కాదు. లెన్సు వెళ్ళి కూర్చునే కన్ను ఎలా ఉంది, దాన్ని ఎంత సరిగ్గా కొలిచారు, ఆపరేషనయ్యాక మొదటి వారం ఇంట్లో ఎలా గడిచింది, ప్రమాదం వీటిని బట్టి ఉంటుంది. అందుకని లెన్సుల పట్టిక కాసేపు పక్కన పెట్టి, మీ నాన్నగారి మందుల చీటీ తీయండి.

ఆ రాత్రి మాత్ర పేరు చూడండి. టామ్సులోసిన్ అని ఉంటే ఆపరేషను చేసే డాక్టరుకు ఆ మాట మీ నోటితో చెప్పాలి. సైలోడోసిన్ అని ఉన్నా అంతే. ఈ మందులు మూత్రనాళం దగ్గరి కండరాన్ని వదులు చేస్తాయి. అదే పని కంట్లో ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) కండరం మీదా చేస్తాయి. 2005లో డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు. ఆపరేషను మధ్యలో ఐరిస్ తడిసిన పంచె అంచులా అల్లల్లాడుతుంది, కోసిన సందులోంచి బయటికి తన్నుకొస్తుంది, కంటిపాప ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. లోపల పనిచేసే డాక్టరుకు దారి కనిపించదు, లెన్సు ఉండే సంచి వెనక పొర చిరిగే అవకాశం పెరుగుతుంది. వారం ముందు మాత్ర ఆపితే సరిపోతుందిలే అని కొందరు సొంతంగా ఆపేస్తారు. దానివల్ల నమ్మదగ్గ లాభం లేదు, ఎప్పుడో మానేసినవాళ్ళలో కూడా ఈ ఇబ్బంది కనిపిస్తుంది. పైగా మూత్రం బిగిసి ఆపరేషను రోజే ఇంకో ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావొచ్చు. మాత్ర ఆపకండి, చెప్పండి చాలు. ముందే తెలిస్తే కంటిపాపను విప్పే ఫినైలెఫ్రిన్ మందును పలచన చేసి కంట్లోకి ఎక్కిస్తారు, ఐరిస్‌ను పట్టి ఉంచే చిన్న కొక్కేలో, కంటిపాపను విప్పి ఉంచే రింగో సిద్ధంగా పెట్టుకుంటారు. తెలియకపోతే అవి బల్ల మీద ఉండవు.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అవీ చెప్పండి. ఆస్పిరిన్‌ను చాలాచోట్ల ఆపించరు. వార్ఫరిన్ వాడేవాళ్ళకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) చూసి, కంటి వెనక సూది వేయాలా, చుక్కల మత్తుతో కానివ్వాలా అని తేల్చుకుంటారు. గుండె డాక్టరును అడక్కుండా ఇంట్లోవాళ్ళే ఆపేయడం మాత్రం కూడదు.

ఇప్పుడు పలమనేరు బంధువు సంగతి. కంట్లో సహజమైన లెన్సు ఒక పల్చటి సంచిలో ఉంటుంది. పెళ్ళిపందిట్లో పైగుడ్డను అన్ని వైపుల నుంచీ తాళ్ళతో లాగి కట్టినట్టు, ఆ సంచిని చుట్టూ సన్నటి దారాలు పట్టి ఉంచుతాయి. ఆపరేషనులో సంచి ముందుభాగాన్ని 5, 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీలా కోసి, శుక్లాన్ని తీసి, ఖాళీ సంచిలో కొత్త లెన్సును కూర్చోబెడతారు. కొత్త లెన్సు మధ్యభాగం 6 మిల్లీమీటర్లు, దాన్ని సంచిలో పట్టి ఉంచడానికి రెండు పక్కలా ఉండే సన్నటి ‘చేతుల’తో కలిపి చివర నుంచి చివరకు 13 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఏళ్ళ తర్వాత లెన్సు జారిందంటే ఎక్కువసార్లు లెన్సు చెడిపోయి కాదు, ఆ దారాలు తెగి. సంచితో సహా మొత్తం కిందికి వాలిపోతుంది.

దారాలు అంత బలహీనపడటానికి దక్షిణాదిలో మనం తరచూ చూసే కారణం సూడో ఎక్స్‌ఫోలియేషన్ అనే స్థితి. కంటిపాప అంచు మీద, లెన్సు ముందుభాగం మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొట్టు పేరుకుంటుంది. వయసు పైబడినవాళ్ళలో వస్తుంది. కంటిపాప సరిగా విప్పుకోదు, నీటికాసులు (గ్లాకోమా) తోడవుతాయి, దారాలు పుచ్చిపోయిన పురికొసల్లా అవుతాయి. చుక్కల మందు వేసి కంటిపాప విప్పిన తర్వాత కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ దగ్గర నిదానంగా చూస్తే ఇది కనిపిస్తుంది. కనిపిస్తే సంచిని విప్పి పట్టి ఉంచే టెన్షన్ రింగు ఒకటి లోపల పెడతారు. ఆపరేషను గట్టెక్కడానికి అది బాగా సాయపడుతుంది. ఏళ్ళ తర్వాత జారకుండా ఆపుతుందన్న హామీ మాత్రం లేదు. గట్టిగా కళ్ళు నులుముకునే అలవాటు, కంటికి దెబ్బ తగలడం, బాగా మైనస్ ఉన్న పొడవు కళ్ళు, ఇవీ దారాలను తెంపుతాయి.

జారిన లెన్సు ఉన్న కన్ను పోయినట్టు కాదు. దాన్ని తీసి కొత్తది పెట్టడం, ఐరిస్ వెనక తగిలించడం, కంటి తెల్లగోడలో చేతులు దూర్చి నిలబెట్టడం అన్నీ ఉన్నాయి. తెల్లగోడలో దూర్చి జిగురుతో అతికించే పద్ధతిని 2007లో చెన్నైలోనే అమర్ అగర్వాల్ మొదలుపెట్టారు. బంధువును రెటీనా (కంటి వెనకుండే తెర) నిపుణులున్న చోటికి తీసుకెళ్ళమనండి. ఉన్నట్టుండి చూపు మసకబారి, లెన్సు అంచు ఒక గీతలా అడ్డంగా కనిపిస్తోందంటే వాయిదా వేయకూడదు.

ఇక కొలతలు. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, కొనేవాళ్ళు అస్సలు అడగనిదీ ఇదే. 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి మనిషి కంట్లో ప్లాస్టిక్ లెన్సు పెట్టినప్పుడు లెన్సు ఇమిడింది కానీ పవర్ తప్పింది. ఆ రోగికి చివరికి భారీ మైనస్ అద్దాలు తగిలించాల్సి వచ్చింది. ఇప్పుడు అంత పెద్ద తప్పు జరగదు. ఒకటి, ఒకటిన్నర పవర్ తేడా మాత్రం ఇప్పటికీ వస్తుంది.

లెన్సు పవర్ లెక్క ఎలా తిరుగుతుందో ఒకసారి చూడండి. పాత ఎస్ఆర్‌కే సూత్రం ఇది: లెన్సుకుండే స్థిరాంకంలోంచి, కంటి పొడవును 2.5తో హెచ్చవేసి తీసేయాలి, కార్నియా (కంటి ముందుండే గాజులాంటి పొర) వంపును 0.9తో హెచ్చవేసి తీసేయాలి. స్థిరాంకం 118.4, కంటి పొడవు 23.5 మి.మీ., కార్నియా వంపు 44 అనుకుందాం. 118.4లోంచి 58.75, 39.6 తీసేస్తే 20.05, అంటే 20 పవర్ లెన్సు. అదే కన్ను 24.5 మి.మీ. ఉంటే 17.5 చాలు. ఒక్క మిల్లీమీటరుకు రెండున్నర పవర్ తేడా వచ్చింది. పొట్టి కళ్ళలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఇప్పటి మిషన్లు ఎస్ఆర్‌కే-టి, హాఫర్ క్యూ, బ్యారెట్ లాంటి మెరుగైన సూత్రాలు వాడతాయి. అయితే పొడవు తప్పుగా ఇస్తే ఏ సూత్రమూ కాపాడలేదు.

పొడవు ఎందుకు తప్పుతుంది? రెండు పద్ధతులున్నాయి. ఒకటి వెలుతురుతో కొలిచేది, కంటిని తాకదు, ఖచ్చితంగా ఉంటుంది. మీ నాన్నగారిలా శుక్లం బాగా ముదిరితే వెలుతురు వెనకదాకా వెళ్ళదు, మిషను కొలత ఇవ్వదు. కొత్త రకం మిషన్లు కొంత గట్టి శుక్లంలోంచి కూడా చదవగలవు, అన్నీ కాదు. అప్పుడు రెండో పద్ధతి, శబ్దతరంగాలతో కొలిచే ఏ-స్కాన్. ఇందులో ప్రోబును నేరుగా కార్నియాకు ఆనిస్తే మెత్తటి కన్ను కొంచెం నొక్కుకుపోతుంది. 0.3 మి.మీ. నొక్కుకుంటే కన్ను పొట్టిదనుకుని మిషను ముప్పావు పవర్ ఎక్కువ లెన్సు చూపిస్తుంది, ఆపరేషనయ్యాక మనిషి మైనస్‌లో మిగులుతాడు. ప్రోబుకూ కంటికీ మధ్య చిన్న గిన్నెలాంటిది పెట్టి నీళ్ళు నింపి కొలిచే ఇమ్మర్షన్ పద్ధతిలో ఈ నొక్కుడు ఉండదు. కాబట్టి అడగండి: “కొలత వెలుతురు మిషను ఇచ్చిందా, ఏ-స్కాన్ తీశారా? ఏ-స్కాన్ అయితే ఇమ్మర్షనేనా?” ఈ ఒక్క ప్రశ్న మూడో రేటు లెన్సు కంటే విలువైనది.

రెండు కళ్ళూ కొలవమనండి, ఆపరేషను ఒక్కదానికే అయినా సరే. రెండిటి పొడవుల మధ్య 0.3 మి.మీ. కంటే, లేదా కార్నియా వంపుల మధ్య ఒక పవర్ కంటే ఎక్కువ తేడా వస్తే మళ్ళీ కొలవాలి. నిజంగానే తేడా ఉండొచ్చు, అప్పుడూ మళ్ళీ కొలిచి ఖాయం చేసుకోవాలి. కొలతకు ముందు అదే రోజు ప్రెషర్ మిషను కంటికి ఆనించి ఉంటే, చుక్కలు వేసి కార్నియా పొడిబారి ఉంటే వంపు లెక్క తేడా వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు మెత్తటివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే మూడు వారాలకు తక్కువ కాకుండా ముందే ఆపాలి. వయసులో ఉన్నప్పుడు అద్దాలు పోవడానికి లేసిక్ అనే లేజర్ ఆపరేషను చేయించుకున్నవాళ్ళు ఆ సంగతి చెప్పకపోతే మామూలు సూత్రం తప్పుతుంది, చూపు ప్లస్ వైపు పోతుంది. ఇప్పుడు యాభైల్లో ఉన్నవాళ్ళకు ఈ మాట ఎక్కువ అవసరం.

వెనక రెటీనా కనిపించనంత శుక్లం ఉంటే శబ్దతరంగాలతో కంటి వెనకభాగాన్ని చూపే బి-స్కాన్ తీసి రెటీనా ఊడలేదని చూసుకోవాలి. షుగరు ఉంది కాబట్టి మీకు ఇది తప్పనిసరి అనుకోండి. టార్చి వెలుతురు ఏ దిక్కు నుంచి వస్తోందో ఆయన చెప్పగలుగుతున్నారా అనేది కూడా ముందే చూస్తారు. లెన్సు ఎంత బాగా కూర్చున్నా వెనక ఫిల్ము పాడైతే ఫోటో రాదు.

ముదిరింది కదా, ఇంకా ముదరనిద్దాం అని మన వైపు ఇప్పటికీ అంటారు. మామిడికాయ కాదు అది. అతిగా పండిన శుక్లం లోపలే కారి కంటి ప్రెషర్‌ను ఒక్కసారిగా పెంచుతుంది, లేదా ఉబ్బి దారి మూసేస్తుంది. ఎర్రబడి, నొప్పితో, వాంతులతో వచ్చిన కంటికి చేసే ఆపరేషను వేరు, ప్రశాంతంగా ఉన్న కంటికి చేసేది వేరు. గట్టిపడేకొద్దీ, శబ్దతరంగాలతో శుక్లాన్ని నలగ్గొట్టి పీల్చే ఫేకో మిషను శక్తి కూడా ఎక్కువ వాడాలి. ఆ శక్తి దెబ్బ తగిలేది కార్నియా లోపలి కణాలకు. పెద్దవాళ్ళలో చదరపు మిల్లీమీటరుకు 2,000 నుంచి 2,500 దాకా ఉండే ఆ కణాలు పోతే మళ్ళీ పుట్టవు. 500 దరిదాపుల్లోకి పడిపోతే కార్నియా నీరు పట్టి తెల్లబడుతుంది, అప్పుడు లెన్సు కాదు, కార్నియానే మార్చాలి. ముదిరిన శుక్లం ఉన్నప్పుడు స్పెక్యులర్ పరీక్షతో ఆ కణాలు లెక్కపెట్టించడం మంచిది.

అందుకే ఒక అభిప్రాయం చెప్తాను. బాగా గట్టిపడి గోధుమరంగుకు తిరిగిన శుక్లానికి డాక్టరు ఫేకో వద్దు, చిన్న కోత ఆపరేషను చేస్తామంటే, పాత పద్ధతి అంటగడుతున్నారని అనుకోకండి. ఫేకోలో కోత 2.2 నుంచి 2.8 మి.మీ., మడత లెన్సు. చిన్న కోత పద్ధతిలో తెల్లగుడ్డులో 6, 7 మి.మీ. సొరంగం చేసి గడ్డను మొత్తంగా తీస్తారు, కుట్లుండవు. సిలిండర్ పవర్ (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడంవల్ల వచ్చే పవర్) కొంచెం ఎక్కువ మిగలొచ్చు. కార్నియా నిలుస్తుంది, అదే ముఖ్యం. ఇంకో మాట, ‘లేజర్ ఆపరేషన్’ అని బోర్డుల మీద కనిపించేది ఎక్కువసార్లు ఫేకోనే. దాంట్లో పనిచేసేది శబ్దతరంగాలు, లేజర్ కాదు.

ఆపరేషను బల్ల మీద అసలు ప్రమాదం సంచి వెనక పొర. దాని మందం సుమారు 4 మైక్రాన్లు. తల వెంట్రుక అంతకు పదిరెట్లకు పైగానే లావు. చేయి తిరిగిన డాక్టర్ల దగ్గర కూడా నూటికి ఒకటి, రెండు కళ్ళలో ఇది చిరుగుతుంది, గట్టి శుక్లంలో, వదులు ఐరిస్‌లో, పుట్టుకతో వెనక మధ్యలో ఏర్పడే పోలార్ శుక్లంలో ఇంకా ఎక్కువ. పోలార్ శుక్లంలో సంచికీ శుక్లానికీ మధ్య నీళ్ళు చిమ్మి విడదీసే మామూలు అడుగు వేయకూడదు, పొర అక్కడే పగులుతుంది. తెల్లగా పండిన శుక్లంలో ముందు పొర కనిపించదు, నీలం రంగు ట్రిపాన్ బ్లూ అద్ది కోస్తారు. లోపలి ఒత్తిడికి కోత అదుపు తప్పి రెండువైపులా చీలిపోయే ముప్పు అక్కడ ఎక్కువ.

వెనక పొర చిరిగితే ఏమవుతుంది? కంటి వెనకభాగంలో సహజంగా ఉండే జెల్లీ ముందుకొస్తుంది. దాన్ని లాగకుండా కోసి శుభ్రం చేయాలి, లాగితే రెటీనా ఊడుతుంది. శుక్లం ముక్క వెనక్కి పడిపోతే రెటీనా డాక్టరు తీయాలి. చిరుగు సంగతి తర్వాత లెన్సు ఎక్కడ పెట్టాలన్నది అసలు పరీక్ష. ముందు పొర చుట్టూ గట్టిగా ఉంటే మూడు ముక్కల లెన్సును (మధ్యభాగం, రెండు చేతులు విడిగా చేసి కలిపినది) సంచి ముందు, ఐరిస్ వెనకున్న గాడిలో పెట్టి, పవర్ అర నుంచి ఒకటి వరకు తగ్గిస్తారు, ఎందుకంటే లెన్సు ముందుకు జరిగితే దాని బలం పెరుగుతుంది. సంచి కోసం తయారైన ఒకే ముక్క మెత్తటి లెన్సును ఆ గాడిలో పెట్టకూడదు. దాని మందపాటి చేతులు ఐరిస్ వెనకభాగాన్ని రాస్తూనే ఉంటాయి. రంగు రాలుతుంది, మళ్ళీ మళ్ళీ వాపు, ప్రెషర్, కంట్లో రక్తం. పొర ఆధారమే లేకపోతే ఆ రోజుకు లెన్సు పెట్టకుండా ఆపి, కన్ను చల్లబడ్డాక రెండోసారి పెట్టడమే చాలాసార్లు తెలివైన పని. ‘లెన్సు పెట్టలేదు’ అని డాక్టరు బయటికొచ్చి చెప్తే తిట్టుకోకండి. ముందుగానే అడగాల్సింది ఇది: “పొర చిరిగితే మూడు ముక్కల లెన్సు ఇక్కడే ఉందా? రెటీనా డాక్టరు అందుబాటులో ఉన్నారా?”

లెన్సు పెట్టేటప్పుడు జరిగే చిన్న తప్పులు వేరే ఉన్నాయి. లెన్సును మడిచి లోపలికి తోసే గొట్టంలో (కార్ట్రిడ్జి) లెన్సు చేయి ఇరుక్కుని విరగడం, లెన్సు తిరగబడి కూర్చోవడం, ఒక చేయి సంచిలోకీ ఇంకోటి బయటికీ పోవడం. ఏసీ మరీ చల్లగా ఉంటే యాక్రిలిక్ లెన్సు నిదానంగా విప్పుకుంటుంది, తొందరపడి తోస్తే గీతపడుతుంది. ఆపరేషను కోసం డాక్టరు లెన్సు వెనక నింపిన మందు జెల్లును మొత్తం కడిగేయకపోతే ఆ రాత్రికే కంటి ప్రెషర్ పెరిగి తలనొప్పి, వాంతులు వస్తాయి. వీటిలో చాలావరకు అప్పుడే సరిదిద్దుకోవచ్చు. పొరపాటున ఇంకొకరి పవర్ లెన్సు పెట్టడం మాత్రం జరగకూడని తప్పు. పేరు, ఏ కన్ను, ఎంత పవర్ అని మూడూ కాగితంతో పోల్చి పైకి చదవడం పద్ధతి. లోపలికి వెళ్ళేముందు ‘కుడికన్ను’ అని ఆయనే చెప్పేలా నేర్పించండి.

ఏ లెన్సు? షుగరు పదేళ్ళది, రెటీనా ఇంకా కనిపించలేదు, కంటిపాప నమ్మకం లేదు. కాబట్టి మోనోఫోకల్, అంటే ఒకే దూరానికి చూపునిచ్చే లెన్సు. దూరం చూపుకు పెట్టించుకుని చదవడానికి అద్దాలు వాడుకోవడం. మల్టీఫోకల్ లెన్సు వచ్చిన వెలుతురునే రెండు మూడు దూరాలకు పంచుతుంది. దాంతో స్పష్టత కొంత తగ్గుతుంది, రాత్రి లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. షుగరుతో మాక్యులా (రెటీనా నడిమి భాగం) దెబ్బతిన్నా, నీటికాసులున్నా దాన్ని నేను సిఫార్సు చేయను. టోరిక్ లెన్సు సిలిండర్ పవర్ ఉన్నవాళ్ళకు బాగుంటుంది, అయితే అది కంట్లో తిరగకూడదు. ఒక్కో డిగ్రీ తిరిగితే నూటికి 3.3 చొప్పున సవరణ పోతుంది, 30 డిగ్రీలకు సున్నా. తిరిగిందని తెలిస్తే సంచి బిగుసుకోకముందే, మొదటి రెండు వారాల్లో సర్దించుకోవాలి. దారాలు వదులున్న కంటికి టోరిక్ వద్దు.

మోనోఫోకల్‌లో నీటిని పీల్చే హైడ్రోఫిలిక్, పీల్చని హైడ్రోఫోబిక్ అని రెండు రకాలు. హైడ్రోఫిలిక్ లెన్సుల్లో అరుదుగా ఏళ్ళ తర్వాత సున్నపు మరకలు పడతాయి, ముఖ్యంగా తర్వాత కంట్లోకి గాలి, గ్యాసు ఎక్కించిన సందర్భాల్లో. లేజరుతో అవి పోవు, లెన్సు మార్చాల్సిందే. షుగరువల్ల ముందుముందు రెటీనా ఆపరేషను పడొచ్చు కనుక మీ పట్టికలో చదరపు అంచున్న హైడ్రోఫోబిక్ మోనోఫోకల్ ఏ వరసలో ఉందో చూసి అక్కడ ఆగండి. దాని పైన పెట్టే డబ్బు దండగ. పెట్టె మీద ‘ఎక్స్‌పైరీ’ తేదీ చూసి లెన్సు కంట్లో ఐదేళ్ళే పనిచేస్తుందని కంగారుపడేవాళ్ళున్నారు. అది పెట్టెలో క్రిమిరహితంగా ఉండే గడువు. కంట్లోకి వెళ్ళిన లెన్సుకు గడువు లేదు.

ఇన్ఫెక్షన్. వెయ్యికి ఒకటి కంటే తక్కువే, కానీ పడితే కన్ను పోయేంత పడుతుంది. నివారణ ఆపరేషనుకు ముందే మొదలవుతుంది. కంటి మూల నుంచి ముక్కులోకి పోయే కన్నీటి గొట్టంలో నీళ్ళు పోసి చూస్తారు. చీము వెనక్కి వస్తే ముందు కన్నీటి సంచికి ఆపరేషను, ఆ తర్వాతే శుక్లం. దీన్ని పట్టించుకోకుండా తేదీ కోసం బతిమాలకండి. రెప్పల అంచున చుండ్రు, కురుపు, కాలిమీద మానని షుగరు పుండు ఉన్నా చెప్పాలి. బల్ల మీద 5 శాతం పోవిడోన్ అయోడిన్ కంట్లో వేసి మూడు నిమిషాలు ఉంచడం, చివర్లో కంటి లోపలికి యాంటీబయాటిక్ ఎక్కించడం, ఈ రెండూ ముప్పును బాగా తగ్గించేవి. యూరప్‌లో సెఫ్యురాక్సిమ్‌తో జరిగిన పెద్ద అధ్యయనం 2007లో వచ్చింది, మన దగ్గర ఎక్కువగా మోక్సిఫ్లాక్ససిన్ 0.1 మి.లీ. వాడతారు.

మొదటి రెండు రోజుల్లో, నొప్పి పెద్దగా లేకుండా కార్నియా ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా మసకబారితే అది చాలావరకు క్రిమి కాదు, పరికరాలకు అంటిన సబ్బు, మందుల మడ్డి వల్ల వచ్చే విషపు వాపు. స్టెరాయిడ్ చుక్కలతో దిగుతుంది. రెండో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అప్పటిదాకా తేటపడుతున్న చూపు తిరగబడి తగ్గి, నొప్పి పెరిగి, ఎర్రబడి, నల్లగుడ్డు అడుగున తెల్లటి గీతలా చీము పేరితే అది ఎండాఫ్తాల్మైటిస్ (కంటి లోపలి ఇన్ఫెక్షను) అనుకునే బయల్దేరాలి. వ్యాంకోమైసిన్ 1 మి.గ్రా., సెఫ్టాజిడిమ్ 2.25 మి.గ్రా. అనే యాంటీబయాటిక్‌లను నేరుగా కంటి వెనకభాగంలోకి ఎక్కిస్తారు, మాత్రలతో పోయే జబ్బు కాదు. రెండిటి తేడా ఇంట్లో తేల్చకండి. అర్ధరాత్రి అయినా ఆపరేషను చేసిన చోటికి ఫోను చేయండి. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు, రాయవేలూరు అందులో సగం. ఆ పూట ఏది ముందు అందితే అక్కడికి వెళ్ళాలి, డిశ్చార్జి కాగితం చేతపట్టుకుని.

ఇంట్లో చుక్కలు ఎలా వేస్తున్నారో చూడండి. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ చుక్కలు) సీసాను బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే నీళ్ళే పడతాయి. సాధారణంగా రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున తగ్గిస్తూ ఆరు వారాలు. కన్ను తెల్లబడింది కదా అని రెండో వారంలో ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. ఆరు వారాల తర్వాత కూడా సొంతంగా వాడితే ప్రెషర్ పెరుగుతుంది. రెండు రకాల చుక్కల మధ్య ఐదు నిమిషాలు, సీసా మూతి రెప్పకు తగలకూడదు. నందివర్ధనం పూలు, తేనె, పన్నీరు, తల్లిపాలు ఏవీ కంట్లో పడకూడదు. పశువుల కొట్టం, మామిడితోటలో మందు పిచికారీ నెల దాకా వద్దు.

తిరుమల సంగతి ఎలాగూ అడుగుతారు. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోవడానికి వారం, పది రోజుల తర్వాత డాక్టరు సరేనంటే ఇబ్బంది లేదు, రద్దీలో మోచేతులు తగలకుండా కంటికి అద్దాలుండాలి. గుండు, పుష్కరిణి స్నానం మాత్రం నెలపైన. మురికి నీళ్ళు, వెంట్రుకలు కంట్లో పడటమే భయం. అలిపిరి 3,550 మెట్లు ఎక్కితే లెన్సు జారదు, చెమట కంట్లోకి కారి చేత్తో రుద్దుకోవడమే ప్రమాదం. రెటీనా ఆపరేషనులో కంట్లో గ్యాసు నింపినవాళ్ళు మాత్రం అది పూర్తిగా కరిగేదాకా కొండెక్కకూడదు. ఎత్తుకు పోయేకొద్దీ గ్యాసు వ్యాకోచించి కంటి ప్రెషర్ పెరుగుతుంది.

నెలకో, ఆరు వారాలకో చూపు మళ్ళీ మసకబారి, గీతలు వంకరగా కనిపిస్తే మాక్యులాలో నీరు చేరిందేమోనని ఓసీటీ (రెటీనా పొరలను చూపే స్కాను) తీయించాలి. షుగరువాళ్ళలో ఇది ఎక్కువ. దీనికి వాపు తగ్గించే నెపాఫెనాక్ లాంటి చుక్కలు, అవసరమైతే ఇంజెక్షను. నెలలు, ఏళ్ళ తర్వాత మెల్లగా మసక వస్తే అది ‘మళ్ళీ శుక్లం’ కాదు, సంచి వెనక పొర మందబారడం. ఐదేళ్ళలో నూటికి ఇరవైమందికి పైగానే రావచ్చు. యాగ్ లేజరుతో పొరకు కిటికీ తీస్తారు, ఐదు నిమిషాల పని. లేజరు తర్వాత, ఆ మాటకొస్తే ఆపరేషను తర్వాత ఎప్పుడైనా సరే, మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కల వాన, ఒక పక్క నుంచి తెర దించినట్టు నీడ కనిపిస్తే రెటీనా ఊడుతూ ఉండొచ్చు, అదే రోజు చూపించాలి.

రెండో కంటి ఆపరేషనుకు తొందరపడకండి. మొదటి కంట్లో అనుకున్న పవర్‌కూ, నెల తర్వాత వచ్చిన పవర్‌కూ మధ్య తేడాను చూసి రెండో కంటి లెక్క సవరించుకోవచ్చు. దానికోసం డిశ్చార్జి కార్డు మీద అంటించిన లెన్సు స్టిక్కరును ఫోటో తీసి మీ దగ్గర పెట్టుకోండి. మోడల్, పవర్, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. పలమనేరు బంధువు కార్డు దొరికితే అదీ వెతికించండి. జారిన లెన్సును సర్దాలా, మార్చాలా అని తేల్చేటప్పుడు రెటీనా డాక్టరు మొదట అడిగే కాగితాల్లో అదొకటి.